అంప్‌క్వా ఒడ్డున 175 గజాల దారం

ఒరెగాన్‌లో ఉండి క్రేటర్ లేక్ చూడని తెలుగువాళ్ళు ఉండరేమో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు మల్ట్‌నోమా జలపాతం, తర్వాత క్రేటర్ లేక్. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఇది దాదాపు శాసనం. ఆ లేక్‌కి వెళ్ళేవాళ్ళలో కొందరు రోజ్‌బర్గ్ దగ్గర ఫ్రీవే దిగి 138వ నెంబరు రోడ్డు పట్టుకుంటారు. అక్కణ్ణించి ఒక నది చాలాసేపు మనతోపాటే వస్తుంది. ఎక్కడో ఒకచోట కారాపి, పులిహోర డబ్బాలు విప్పి, నది ముందు నిలబడి ఫొటో తీసుకుని, చీకటి పడేలోగా లేక్ చేరాలని పరిగెడతారు. మేమూ మూడుసార్లు అలాగే వెళ్ళాం. నాలుగోసారి నేను నది దగ్గరే ఆగిపోయాను.

దాని పేరు నార్త్ అంప్‌క్వా. కాస్కేడ్ కొండల్లో పుట్టి, గ్లైడ్ అనే చిన్న ఊళ్ళో లిటిల్ రివర్‌ని దాదాపు ఎదురెదురుగా ఢీకొని, రోజ్‌బర్గ్ దగ్గర సౌత్ అంప్‌క్వాతో కలిసి పసిఫిక్ సముద్రానికి పోతుంది. ఎండాకాలం చివర్లో ఆ నీళ్ళది పచ్చరాయి రంగు. అడుగున ఉన్న రాతి పలకలు లెక్కపెట్టొచ్చు. ఈ నదిలో 31 మైళ్ళ మేర ఫ్లైతో తప్ప మరే రకంగానూ చేపలు పట్టకూడదు. ఎర వెయ్యకూడదు, వల అసలే కూడదు. ఆ 31 మైళ్ళకీ నడుమ స్టీమ్‌బోట్ అనే చోటు ఉంది. పశ్చిమ సీమ నవలలు రాసిన జేన్ గ్రే 1930లలో ఇక్కడే గుడారం వేసుకుని చేపలు పట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ తీరాన దిగిన సైనికుడు ఫ్రాంక్ మూర్, ఆయన భార్య జీన్ కలిసి 1957లో ఇక్కడ స్టీమ్‌బోట్ ఇన్ పెట్టారు. ఈ చేపల కోసం ఆ దంపతులు జీవితమంతా పోరాడారు. స్టీమ్‌బోట్ క్రీక్ చుట్టూ ఉన్న దాదాపు లక్ష ఎకరాల అడవికి 2019లో వాళ్ళిద్దరి పేరు పెట్టి చట్టరీత్యా రక్షణ ఇచ్చారు. మరుసటి ఏడే, 2020 సెప్టెంబరులో, ఆర్చీ క్రీక్ మంటలు వచ్చి లోయ చాలావరకు కాలిపోయింది. మూర్ దంపతుల ఇల్లూ పోయింది. ఆయన 2022లో కన్నుమూశారు. నేను చెప్పబోయే సంగతులు మాత్రం మంటలకి ముందువి, రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం కూడా నీడ ఉన్న రోజులవి.

ఇక్కడి చేప స్టీల్‌హెడ్. ఇది ప్రత్యేకమైన జాతి కాదు, మామూలు రెయిన్‌బో ట్రౌటే. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, రెండు మూడేళ్ళు అక్కడ మేసి, వెండిరంగు పూసుకుని, పుట్టినచోటికే ఎదురీది వస్తుంది. స్టీమ్‌బోట్ దాకా రావాలంటే నూట యాభై మైళ్ళకు పైగా ఈదాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతసేపు విలస, వరదనీటికి ఎదురీది వచ్చాక పులస. పుస్తెలమ్మైనా తినాలనేది ఆ రెండోదాన్నే కదా! తేడా ఏమిటంటే, ఇక్కడ పుస్తెలు అమ్మినా కూర మాత్రం ఉండదు. తోకకి కొంచెం ముందు వీపు మీద చిన్న రెక్క ఉంటే అది సహజంగా ఏట్లో పుట్టిన చేప, నీళ్ళలో వదిలేయాలి. హేచరీలో పెంచిన పిల్లలకి ఆ రెక్క ముందే కత్తిరిస్తారు.

ఫ్లై అంటే ఈకలు, దారం చుట్టిన చిన్న కొక్కెం. దానికి బరువే ఉండదు కాబట్టి విసరడానికి కావలసిన బరువంతా లైనులోనే పెడతారు. అందుకే ఫ్లై లైను సేమ్యా అంత లావుంటుంది, సుమారు 30 గజాల పొడవుంటుంది. దాని వెనక, రీలు అడుగున చుట్టేది సన్నని గట్టి దారం. దాన్ని బ్యాకింగ్ అంటారు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో సంక్రాంతికి డాబా ఎక్కినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. చరఖాకి పైన ఉండేది మాంజా, అడుగున ఉండేది సాదా దారం. పతంగి దగ్గరలో ఉన్నంతసేపు సాదా దారం ఊసే ఎవరికీ పట్టదు.

నాకూ పట్టలేదు. 2008లో ఎనిమిదో నెంబరు కడ్డీ ఒకటి కొన్నాను. రీలు మాత్రం ఇంట్లో ఉన్నదే వాడదామనుకున్నాను. అది చిన్న ట్రౌట్ల కోసం కొన్నది. ఆరో నెంబరు లైనుతోపాటు 100 గజాల బ్యాకింగ్ పడుతుందని డబ్బా మీద రాసి ఉంది. వంద గజాలంటే ఎక్కువే కదా అనుకున్నాను. ఎనిమిదో నెంబరు లైను లావు గనక రీల్లో ఎక్కువ చోటు తింటుందన్న ఆలోచనే రాలేదు. చుట్టడం మొదలుపెడితే దారం అంచు దాటిపోతోంది. కత్తిరించాను, మళ్ళీ చుట్టాను, మళ్ళీ కత్తిరించాను. చివరికి మిగిలింది 40 గజాలు. రీలు ఇరుసుకి నేను వేసిన ముడి, నిజం చెప్పాలంటే, లుంగీ ముడి.

సెప్టెంబరులో కుటుంబంతో వెళ్ళి స్టీమ్‌బోట్‌కి దగ్గర్లో క్యాంపు వేశాం. సాయంత్రం కొండ నీడ నీళ్ళ మీదికి వచ్చాక నేను ఒక రాతి పలక మీద నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాను. ఆ రాళ్ళ సంగతి చెప్పాలి. నున్నటి బండలు, వాటి మీద పాచి, మధ్యమధ్య మనిషి మునిగే నెరియలు. అరికాలికి ఇనుప మేకులున్న బూట్లు వేసుకున్నా గుండె చిక్కబట్టుకునే నిలబడాలి. వేరే నదుల్లో చేప పరిగెడితే ఒడ్డు వెంట మనమూ పరిగెత్తొచ్చు. ఇక్కడ నిలబడ్డచోటే నిలబడాలి.

చేప పట్టింది. దూకలేదు, ఊపలేదు, నేరుగా కిందికి పోయింది. రీలు అరిచిన అరుపుకి ఒడ్డున మా అమ్మాయి చెవులు మూసుకుంది. పచ్చ లైను అయిపోయి తెల్ల దారం కనిపించింది. నేను కంగారులో డ్రాగ్ బిగించాను, అంటే రీలుకి బ్రేకు వేశాను. అది ఇంకా వేగంగా పోయింది. మడుగు చివర నీళ్ళు తెల్లగా విరిగిపడే చోటు దాటింది. దారం కింద నల్లని ఇరుసు కనిపించడం నాకు బాగా గుర్తు. తర్వాత కడ్డీ ఒక్కసారిగా నిటారుగా లేచింది. ముడి జారిపోయింది. 30 గజాల లైను, 40 గజాల దారం, అన్నీ పట్టుకుని చేప వెళ్ళిపోయింది.

పోగొట్టుకున్నది యాభై అరవై డాలర్ల లైను. దానికి నేను పెద్దగా బాధపడలేదు. రాత్రి నెగడు దగ్గర, అప్పటికి ఆరేళ్ళున్న మా అమ్మాయి, "నాన్నా, ఆ తాడు దానికి ఎవరు విప్పుతారు?" అని అడిగింది. మా ఆవిడ నా మొహం చూసి, పిల్లకి వేరే కథ మొదలుపెట్టింది. డెబ్బై గజాల తాడు ఈడ్చుకుంటూ పోతున్న చేప ఏ రాయికో చుట్టుకుంటే కదలలేక అక్కడే చస్తుంది. నూట యాభై మైళ్ళు ఈది వచ్చింది దానికోసం కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఒడ్డు వెంట వెతుక్కుంటూ పోతే, అరమైలు దిగువన ఒక పెద్దాయన పచ్చ లైను ఉండ చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు. రాతి కొసకి చుట్టుకుని ఉందట. చివరి సన్నటి తీగ ఫ్లై దగ్గర తెగి ఉంది. చేప తెంచుకుందో, రాయి కోసేసిందో చెప్పలేం. నోట్లో ఆ చిన్న ఫ్లై తప్ప దానికి ఇంకేమీ మిగిలి ఉండదని ఆయన అన్నాడు. నన్ను చూసి జాలిపడి అన్నాడేమో కూడా.

ఆ శీతాకాలమంతా నాకు రీలు పిచ్చి. ఒక షాపుకి వెళ్ళి అన్నిటికంటే ఖరీదైనది చూపించమన్నాను. కౌంటరు వెనక ఉన్నతను ధర మాట ఎత్తకుండా, నువ్వు ఏ నదిలో పడతావు, చేప వెంట నడవగలవా, లైను ఏది అని అడిగాడు. చెప్పాక, డబ్బాల మీది అంకెలు నమ్మొద్దన్నాడు. ఆ అంకె ఏ లైనుతో, ఏ దారంతో కొలిచిందో చూడాలి. అదే రీల్లో రెండు చేతుల కడ్డీకి వాడే లావు లైను వేస్తే బ్యాకింగ్ అంతకంతకూ తగ్గిపోతుంది. ఎంత పడుతుందో కచ్చితంగా తెలియాలంటే తలకిందులుగా చుట్టాలి. ముందు లైను, దాని మీద బ్యాకింగ్, అంచుకి ఒక పావు అంగుళం ఖాళీ ఉండేదాకా. అక్కడ కత్తిరించి, అంతా విప్పి, తిప్పి చుట్టుకోవాలి. విసుగు పని, కానీ ఒక్కసారే.

దారంలో రెండు రకాలు. డాక్రాన్ లావు, చవక, చేతికి మెత్తన. జెల్‌స్పన్ చాలా సన్నం, అంతే చోటులో ఎక్కువ గజాలు పడుతుంది. కానీ పరిగెత్తేటప్పుడు వేలు తగిలితే కోసేస్తుంది. వదులుగా చుట్టామా, చేప లాగినప్పుడు కింది వరసల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది. నేను 20 పౌన్ల డాక్రాన్ తీసుకున్నాను. స్టీల్‌హెడ్‌కి 150 నించి 200 గజాలు చాలు. 300 పట్టే రీళ్ళున్నాయి గానీ అవి సముద్రంలో వాడేవి. రోజంతా విసిరితే మణికట్టు పడిపోతుంది. పైగా 200 గజాల అవతల, మూడు బండల వెనక ఉన్న చేప మన చేతిలో ఉన్నట్టు కాదు.

ఇక ఆ రోజు నేను బ్రేకు బిగించి చేసిన తప్పు. దారం పోయేకొద్దీ రీలు మీది చుట్ట చిన్నదవుతుంది. 4 అంగుళాల చుట్ట మీద 2 పౌన్ల లాగుడుకి తిరిగే రీలు, చుట్ట 2 అంగుళాలకి తగ్గేసరికి 4 పౌన్లు లాగితేగానీ తిరగదు, మనం బ్రేకు ముట్టుకోకపోయినా. దానికి తోడు నీళ్ళలో ఉన్న తాడంతా ఒరవడికి లాగుతూ ఉంటుంది. చేప దూరం పోతున్నప్పుడు చెయ్యవలసింది వదులు చెయ్యడం. పెద్ద ఇరుసున్న రీలు కొనమనేది అందుకే. దారం పోయినా చుట్ట మరీ చిన్నదవదు, ఒక్కో తిప్పుకి అడుగు దాకా దారం వెనక్కి వస్తుంది. త్వరగా చుట్టగలిగితే చేప అలిసిపోయేలోగా వదిలేయొచ్చు. వదిలేసే చేపకి ఇది చిన్న విషయం కాదు.

పెద్ద ఇరుసు రీలు, ఎనిమిదో నెంబరు లైను, 175 గజాలు. రెండువందల ఇరవై డాలర్లయింది. "వండని చేపకి ఇంత పెట్టారంటే, వండే చేపకి ఎంత పెడతారో?" అంది మా ఆవిడ. ఆ వారం ఫ్రీజర్‌లో ఉన్న చేప కూడా వండలేదు.

తర్వాత నాలుగేళ్ళు ఆ దారం బయటికి రానే లేదు. స్టీల్‌హెడ్ అలాంటిది. రోజులకి రోజులు విసిరినా తగలదు. 2013లో అమ్మా నాన్నా వచ్చారు. క్రేటర్ లేక్ నుంచి వెనక్కి వస్తూ స్టీమ్‌బోట్ దగ్గర ఆగాం. నాన్న కోనసీమ కాలవల్లో గాలం వేసి పెరిగినవాడు. బండ మీద కండువా పరుచుకుని కూచుని, వానపాము కట్టకుండా ఈకలతో ఈ వెర్రి ఏమిటన్నట్టు గంటసేపు చూశాడు. చేప పట్టినప్పుడు నాకంటే ముందు లేచింది ఆయనే. లైను పోయింది, బ్యాకింగ్ మొదలైంది. నా చెయ్యి దానంతటదే బ్రేకు వైపు వెళ్ళింది.

"బిగించకురా, పోనీ. పోయేదాన్ని పోనియ్యి" అని అరిచాడు నాన్న. ఆయనకి రీలూ తెలీదు, డ్రాగూ తెలీదు. నేను వదులు చేశాను. చేప తెల్లనీళ్ళ అంచు దాకా పోయి అక్కడ ఆగింది. తర్వాత ఇరవై నిమిషాలో, పదిహేనో. నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీశాను. వీపు మీద చిన్న రెక్క ఉంది. ఏడెనిమిది పౌన్లుంటుంది. తోక వదిలిన క్షణంలో మాయమైపోయింది. నాన్న కాసేపు నీళ్ళకేసి చూసి, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.

2021లో వచ్చిన చేపలు మరీ తగ్గి, నీళ్ళు వేడెక్కి, ఆ నదిలో వేట మొత్తం ఆపేశారు. ఆ ఏడు రీలు గూట్లోంచి తియ్యలేదు. నూనె రాసి పెట్టడానికి తీసినప్పుడు, నాన్న వచ్చిన ఆ ఏటి ఆదివారమే గుర్తొచ్చింది.

తడి దారం రీల్లో ఉంచితే పాడవుతుందని, మర్నాడు ఇంటి వెనక డెక్ మీద నేను విప్పుతుంటే నాన్న అందుకున్నాడు. పైన తడిసిన దారం ఒక రంగు, అడుగున తడవని దారం ఒక రంగు. రెండు చేతులూ బారజాపి కొలుస్తూ పోయాడు. ఒకటి, రెండు, మూడు... తడి రంగు నలభై ఆరు బారల దగ్గర ఆగింది. బార అంటే రెండు గజాలు.

పాత రీల్లో నేను చుట్టినది ఇరవై బారలు.