వాన కట్టించిన విడిది

ఎండ కోసం విహారానికి వెళ్లేవాళ్లు లోకమంతా ఉంటారు. వాన పడుతుందని తెలిసీ, చలి కొరుకుతుందని తెలిసీ, ముందే డబ్బు కట్టి పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లను చూడాలంటే మాత్రం బ్రిటన్ వెళ్లాలి. అక్కడి హాలిడే పార్కుల్లో చాలావాటికి శీతకాలంలోనూ గిరాకీ ఉంటుంది. మరి ఆ నాలుగు రోజుల సెలవూ వానపాలు కాకుండా వాళ్లేం చేస్తారు?

డిసెంబరులో లండన్‌లో ఉదయం ఎనిమిదైతేగానీ సూర్యుడు రాడు. సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. ఉన్న ఆ కాస్త పగటినీ మబ్బు మింగేస్తుంది. వాన కూడా మన జూలై వానలా దబదబా కురిసి వెళ్లిపోయే రకం కాదు. సన్నగా, తెంపు లేకుండా పడుతూనే ఉంటుంది. గాలి అడ్డంగా కొడుతుంటే గొడుగు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఫిబ్రవరికి పగలు కాస్త సాగుతుంది. వాన, ఈదురుగాలి, అప్పుడప్పుడూ మంచు మాత్రం మామూలే.

అలాంటప్పుడు ఇంట్లో వెచ్చగా కూర్చోక విహారమెందుకు అంటారా? కారణం బడి! ఇంగ్లండ్‌లో ప్రతి టర్మ్ మధ్యలో పిల్లలకు వారం సెలవులిస్తారు. దాన్నే 'హాఫ్ టర్మ్' అంటారు. అందులో ఒకటి ఫిబ్రవరి నడుమ వస్తుంది. ఎండ కాసినప్పుడు వెళ్దామని అనుమతి లేకుండా వారం రోజులు బడి మాన్పించారో... జరిమానా పడుతుంది. 2024 ఆగస్టు నుంచి అది 80 పౌండ్లు. అదీ ఒక్కో బిడ్డకు తల్లికి విడిగా, తండ్రికి విడిగా. మూడు వారాల్లోగా కట్టకపోతే 160 పౌండ్లు. అంటే, వాతావరణమే కాదు, సెలవు తేదీ కూడా కుటుంబం చేతిలో ఉండదు. పైగా అందరికీ సెలవులు ఒక్కసారే రావడంతో పార్కుల అద్దెలు సంక్రాంతి ముందు ప్రైవేటు బస్సు టికెట్లలా ఎగబాకుతాయి. అంత పెట్టాక కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది!

గమ్మత్తేమిటంటే... అసలు ఈ హాలిడే పార్కులు అంతగా విస్తరించడానికి కారణమే వాన.

తలుపేసుకున్న ఇళ్లు

బిల్లీ బట్లిన్ 1899లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. కొన్నాళ్లు కెనడాలో పెరిగాడు. 1921లో ఇంగ్లండ్ తిరిగొచ్చేసరికి జేబులో ఉన్నది అయిదు పౌండ్లు. తిరునాళ్లలో వస్తువుల మీదికి రింగులు విసిరే ఆట ఉంటుంది చూడండి, అలాంటి దుకాణంతోనే బతుకు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఒకసారి వేల్స్‌లోని బ్యారీ ఐలండ్‌కి సెలవుల మీద వెళ్లాడు. అప్పటి సముద్రతీరపు లాడ్జీలకో పద్ధతి ఉండేది. పొద్దున టిఫిను అయ్యాక అతిథులు బయటికి వెళ్లిపోవాలి. మళ్లీ భోజనం వేళకే లోపలికి రావాలి. వాన పడినా అంతే. చంకలో బిడ్డలతో, తడిసిన బట్టలతో రోడ్ల వెంట తిరుగుతున్న కుటుంబాలను చూసి బట్లిన్ మనసు చివుక్కుమంది. డబ్బు కట్టి మరీ ఇలా తడవాలా అనుకున్నాడు. తన ఆలోచనకు బీజం అక్కడే పడిందని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు.

1936 ఏప్రిల్ 11న ఇంగ్లండ్ తూర్పుతీరంలోని స్కెగ్‌నెస్‌లో ఆయన తొలి విడిది శిబిరం తెరుచుకుంది. ఆ ఊరికి చలిగాలి కొత్తేమీ కాదు. ఒళ్లు ఝల్లుమనిపించే ఆ గాలినే గొప్పగా చూపిస్తూ 1908లోనే రైల్వే కంపెనీ పోస్టరు వేయించింది! బట్లిన్ శిబిరంలో వరసగా చిన్నచిన్న చెక్కగదులు కట్టించాడు. భోజనం, ఆటపాటలు అన్నీ ఆవరణలోనే. 'వారం జీతానికి వారం విహారం' అన్నది ప్రచార సూత్రం. అంతా బాగానే ఉంది కానీ వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా బిగుసుకుని కూర్చున్నారట. దాంతో నార్మన్ బ్రాడ్‌ఫోర్డ్ అనే ఉద్యోగిని వాళ్లను నవ్వించమని పురమాయించాడు. అందరిలో తేలిగ్గా కనిపించాలని అతడు ఎర్రకోటు వేసుకున్నాడు. ఆ 'రెడ్‌కోట్లు' నేటికీ బట్లిన్ విడిదుల గుర్తు. 1938లో బ్రిటన్ జీతంతో కూడిన సెలవుల చట్టం చేశాక, కార్మిక కుటుంబాలకూ ఇలాంటి విహారాలు అందుబాటులోకి వచ్చాయి.

వానను ఆపలేం. కానీ వాన పడుతుంటే తల దాచుకునే చోటు, నవ్వించే మనిషి ఉంటే చాలు... బట్లిన్ కనిపెట్టింది అదే.

అద్దాల కింద ఎండాకాలం

రెండో అడుగు వేసింది డచ్చివాళ్లు. నెదర్లాండ్స్‌లో క్రీడాసామగ్రి దుకాణాలు నడిపే పీట్ డెర్క్‌సన్ 1968లో అడవి మధ్య కుటీరాలతో ఒక విడిది మొదలుపెట్టాడు. అదే తర్వాత 'సెంటర్ పార్క్స్' అయింది. 1980లో వాళ్లు ఇంకో చోట, ఈతకొలను మీద పెద్ద కప్పు వేసి, లోపల ఉష్ణదేశపు మొక్కలు పెంచి, ఏడాది పొడవునా వెచ్చగా ఉండేలా చేశారు. 1987లో ఈ పద్ధతి బ్రిటన్‌కి వచ్చింది. రాబిన్‌హుడ్ కథల్లోని షేర్‌వుడ్ అడవిలో తొలి పార్కు వెలిసింది. బయట నీళ్లు గడ్డకడుతున్నా లోపల వేడి 29.5 డిగ్రీలు. అంటే మన విశాఖలో ఓ మామూలు మధ్యాహ్నమన్నమాట! ఇప్పుడు బ్రిటన్‌లో ఈ పార్కులు అయిదున్నాయి. 1990ల చివర్లో బట్లిన్ విడిదులు కూడా ఆవరణ మధ్యలో పెద్దపెద్ద తెల్లని గుడారపు కప్పులు వేసుకున్నాయి.

అయితే కప్పు ఉన్నంతమాత్రాన సెలవు గట్టెక్కదు. వాన పడితే అందరూ పరిగెత్తేది ఆ కొలను దగ్గరికే. అక్కడ కాలు పెట్టే సందుండదు. అందుకే అనుభవమున్న కుటుంబాలు కొన్ని పద్ధతులు పాటిస్తాయి.

వాన ఆగాక వెళ్దామా?

'ఆగాక వెళ్దాం' అనుకుంటే ఆ రోజు గడిచిపోయినట్టే. కాబట్టి వెలుగున్న పూట ఆరుబయటికి, చీకటి పడ్డాక కప్పు కిందికి... ఇదీ మొదటి సూత్రం. గంటగంటకీ వాతావరణం ఎలా ఉంటుందో చెప్పే ముందస్తు సమాచారం ఫోన్లోనే దొరుకుతుంది. రెండు గంటలు తెరిపి దొరికితే అడవిలో నడక. తెరిపి లేకపోతే గంబూట్లు. నీటిగుంటల్లో ఎగరడానికి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా! ఇక లోపలి ఆటలకు చోటు ఇంటి దగ్గర ఉండగానే బుక్ చేసుకోవాలి. వానరోజున అక్కడికక్కడ దొరకడం కష్టం.

బట్టల విషయంలో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు జీన్స్. నూలుబట్ట తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఒకే మందపాటి కోటు కన్నా పలుచటివి మూడు ఒకదానిమీద ఒకటి వేసుకుని, పైన నీళ్లు దిగని కోటు తొడుక్కోవడం మేలు. మేజోళ్లు మాత్రం మనిషికి రోజుకు రెండు జతల లెక్కన సర్దుకోవాలి.

రెండో రోజుకి ఆ చిన్న కుటీరం చాకిరేవులా తయారవుతుంది. ఆరబెట్టడానికి తావు లేక ఎలక్ట్రిక్ హీటర్ మీదే బట్టలు కప్పేస్తారు కొందరు. అది నిప్పుతో చెలగాటమే. అంతకన్నా ప్రమాదం, వానకు తడుస్తోందని బొగ్గుల బార్బెక్యూను లోపలికి తీసుకురావడం. మన దగ్గర చలికాలంలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు చదువుతుంటాం. ఇదీ అంతే. మంట ఆరినట్టు కనిపించినా బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. అందుకే దిగగానే ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

అమ్మమ్మ చేతి పులిహోర

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ విహారంలో మరో లెక్క ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మామూలుగా ఒక విడతలో ఉండగలిగేది ఆరు నెలలే. ఆ ఆరు నెలల్లోనూ కొడుకూ కోడలూ పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే ఇంటికి. మనవలకు బడి, హోంవర్కు. పెద్దవాళ్లకు మిగిలేది కిటికీ, టీవీ. అందరూ ఒక్క కప్పు కింద నాలుగు రోజులు కలిసుండేది ఇలాంటి సెలవుల్లోనే.

అక్కడా వాళ్లకు చలి భయమే. మంకీ క్యాపు, ఉన్ని శాలువా సరే... ముందు పట్టున్న బూట్లు కొనివ్వాలి. తెల్లవారుజామున బాట మీద కంటికి కనిపించనంత పల్చగా మంచు పేరుకుంటుంది. చెప్పులతో అడుగేస్తే జారిపడటం ఖాయం. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే, విహారం సంగతి సరే, తిరుగు ప్రయాణమే ప్రశ్నార్థకం అవుతుంది.

మరి వాళ్లకు కాలక్షేపం? చాలా కుటీరాల్లో వంటిల్లు ఉంటుంది. చింతపండు గుజ్జు, పోపుడబ్బా వెంట ఉంటే అమ్మమ్మ చేతి పులిహోరకు వాన అడ్డంకి కాదు. అట్టముక్క మీద గళ్లు గీసి, గవ్వలు లేకపోతే చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మా పరిస్తే తాతయ్య పిల్లలకన్నా ముందు కూర్చుంటాడు. ఎండకాస్తే ఎవరి సైకిలు వాళ్లు తీసుకుని తలో దిక్కుకీ పోయే ఇంటిల్లిపాదినీ ఒక్కచోట కూర్చోబెట్టేది వానే. ఆరు నెలల లెక్కలో ఆ సాయంత్రాల విలువ తక్కువేం కాదు.

ధైర్యం పనికిరాని చోటు

ఇదంతా మామూలు వాన సంగతి. మొండికేసి ఎదుర్కోకూడని వాతావరణం కూడా ఉంటుంది. ఆ పాఠాన్ని బ్రిటన్ చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం ఉప్పెనై తూర్పుతీరం మీద పడింది. ఇంగ్లండ్‌లో 307 మంది చనిపోయారు. నెదర్లాండ్స్‌లో 1,836 మంది. ఎసెక్స్ తీరంలోని జేవిక్‌లో వేసవి విడిది కోసం కట్టిన తేలికపాటి ఇళ్లుండేవి. యుద్ధం తర్వాత ఇళ్ల కరవుతో చాలామంది ఏడాదంతా వాటిలోనే ఉండిపోయారు. ఆ ఒక్కచోటే 30 మందికి పైగా జలసమాధి అయ్యారు. నార్‌ఫోక్ తీరంలోని హన్‌స్టాంటన్‌లోనూ తీరం వెంట ఉన్న చిన్న ఇళ్లను నీళ్లు ముంచెత్తాయి. అక్కడ రీస్ లెమింగ్ అనే అమెరికన్ సైనికుడు రబ్బరు పడవను చేత్తో లాక్కుంటూ 27 మందిని కాపాడాడు. అతడికి ఈత రాదు! అతడి సాహసానికి జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఆ రాత్రి ఉత్తరాన లింకన్‌షైర్‌ను నీళ్లు సాయంత్రమే తాకాయి. దక్షిణాన ఎసెక్స్‌కు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నడుమ గంటల వ్యవధి ఉన్నా కబురు మాత్రం చేరలేదు. 1977 దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు ఆ కబురు విలువ వేరే చెప్పాలా! ఆ తర్వాతే బ్రిటన్ ఉప్పెన హెచ్చరికల వ్యవస్థను ఏర్పాటు చేసుకుంది. 2013 డిసెంబరు 5న మళ్లీ అదే తీరం మీదికి పెద్ద ఉప్పెన వచ్చింది. కొన్నిచోట్ల నీటిమట్టం 1953 నాటిని మించింది. ఇళ్లు దెబ్బతిన్నాయి. కానీ గట్లు బలపడ్డాయి, ముందే హెచ్చరించి వేల మందిని ఖాళీ చేయించారు. నాటిలాంటి ప్రాణనష్టం జరగలేదు.

ఇప్పుడక్కడి వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. 2015 నుంచి తుపాన్లకు పేర్లూ పెడుతున్నారు. 2022 ఫిబ్రవరిలో, చాలాచోట్ల హాఫ్ టర్మ్ సెలవులు నడుస్తుండగా ఒకే వారంలో డడ్లీ, యూనిస్, ఫ్రాంక్లిన్ అని మూడు తుపాన్లు వచ్చాయి. 18వ తేదీ శుక్రవారం యూనిస్ ధాటికి ఐల్ ఆఫ్ వైట్ దగ్గర గాలి గంటకు 196 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో కొన్ని ప్రాంతాలకు ఎరుపు హెచ్చరిక జారీ అయింది. అంటే ప్రాణాలకే ముప్పు అని అర్థం. చాలా పార్కుల్లో శుక్రవారం పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగే రోజు. డబ్బు కట్టేశాం కదా అని అలాంటి రోజున పిల్లలతో కారెక్కడం ధైర్యం అనిపించుకోదు.

అందుకే బుక్ చేసేటప్పుడే షరతులు చదువుకోవాలి. వాన పడిందని మామూలుగా ఎవరూ డబ్బు వెనక్కివ్వరు. పార్కే మూతపడితే లెక్క వేరు. కారులో దుప్పట్లు, ఫ్లాస్కులో వేడి పాలు, ఫోన్ చార్జరు, ట్యాంకు నిండా పెట్రోలు ఉండాలి. సముద్రం ఒడ్డున కారవాన్‌లో దిగితే, ఎత్తైన చోటికి దారేదో వెలుగుండగానే చూసిపెట్టుకోవాలి.

మిగతాది పెద్ద కష్టం కాదు. పసుపు రంగైతే జాగ్రత్తగా గంబూట్లు తొడుక్కోవాలి. ఎరుపైతే ఉన్నచోటే తలుపు గడియ పెట్టుకోవాలి. ఖాళీ చేయమంటే... అష్టాచెమ్మా పంట చేతిదాకా వచ్చినా సరే, పలక మడిచి కదలాలి!