కారుకు రెండవ చెవి

తెలుగువారు బీగానికి చెవి పెట్టారు, కన్నడిగులు చెయ్యి పెట్టారు. మనది బీగంచెవి, వారిది ‘బీగద కై’. తరాలుగా బెంగుళూరులో కాపురమున్న మాకు రెండు మాటలూ సొంతమే గనుక, ఏది సరియైనదన్న సందేహం ఎన్నడూ కలుగలేదు. ఒక పాతకారు ఆ సందేహం కలిగించి, తానే తీర్చింది.

మా అమ్మగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించవలసి వచ్చింది. ఆటోల కుదుపులకు ఆమె తట్టుకోలేదని, ఉన్నంతలో ఒక పాతకారు కొన్నాము. అమ్మినాయన కాగితాలన్నీ ఇచ్చాడు గాని, బీగంచెవి మాత్రం ఒక్కటే ఇచ్చాడు. ‘రెండవది ఎక్కడో పోయిందండీ’ అన్నాడు. బేరం కుదిరిన సంతోషంలో మేము మారు మాట్లాడలేదు.

నాలుగు నెలలు సాఫీగా గడిచాయి. ఒకనాటి ఉదయం అమ్మ సంచి పట్టుకొని వరండాలో కూర్చున్నది. చెవి కనబడలేదు. దేవుని గూడు, చొక్కాల జేబులు, పరుపుల క్రింద, అంతా వెదికాము. చివరకు ఆటోలోనే తీసుకొని వెళ్ళాము, ముప్పావుగంట ఆలస్యమైంది. దారి పొడుగునా మేము తల ఎత్తలేదు. సాయంకాలం చెవి రాగిపిండి డబ్బాలో దొరికింది. మా చిన్నమ్మాయి ఆట అది! అమ్మ ఎవరినీ కోప్పడలేదు. ‘నాయనా, దేవుడు మనిషికే రెండు చెవులిచ్చినాడు గదా, కారుకు ఒక్కటి ఎట్లా చాలుతుంది?’ అన్నది, అంతే.

మరునాడే కాలిబాట మీద చెవులు కోసే అతని వద్ద 150 రూపాయలకు నకలు కోయించాము. తలుపు తెరుచుకొన్నది. ఇంజను కూడా అందుకొన్నది. రెండు క్షణాలలో చల్లబడింది. ఎన్నిసార్లు తిప్పినా అదే వరుస. ‘ఏమండీ, అది మిమ్మల్ని గుర్తుపట్టలేదేమో!’ అని మా శ్రీమతి నవ్వింది. నిజానికి జరిగింది అదే.

ఆ చెవి నల్లని తలలో బియ్యపుగింజకన్న కొంచెం పెద్దదైన చిప్పు ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. కారులో చెవి దూర్చే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట రేడియో తరంగాలతో పలకరిస్తే, ఆ శక్తితోనే చిప్పు తన సంకేతం చెబుతుంది. అది సరిపోతేనే ఇంజను నడుస్తుంది. దొంగల బెడదకు పుట్టిన ఏర్పాటిది. యూరోపులో 1998 నుండి కొత్తకార్లకు తప్పనిసరి చేశారు. మన కార్లలోనూ ఇప్పుడు మామూలే.

కంపెనీ షోరూములో 9,000 రూపాయలు అడిగారు. కార్ల సామాన్లకు పేరుబడిన జె.సి. రోడ్డుకు వెళ్ళాము. అక్కడి పనివాడు మొదట కారు ఆర్.సి., ఆధార్ చూపమన్నాడు. మాకు చిన్నతనమనిపించింది, తరువాత ఆలోచిస్తే, అడగనివాని వద్దకే పోకూడదని తెలిసింది. స్టీరింగు క్రింది సాకెట్టుకు తన యంత్రం తగిలించి, ‘మీ కారు రెండు చెవులను ఎరుగును’ అన్నాడు. అంటే పోయినదానిని కూడా! దాని గుర్తు చెరిపివేసి, ఉన్నదానినీ కొత్తదానినీ నమోదు చేశాడు. బటన్లు లేని సాదా చెవి చాలునన్నాము గనుక 2,800 రూపాయలతో సరిపోయింది. పాతదానిని దూరంగా పెట్టించి, కొత్తదానితోనే అయిదారుసార్లు ఇంజను నడిపించి చూపాడు. రెండూ దగ్గరగా ఉంటే ఏది పలికిందో తెలియదట.

‘ఒక్కటీ లేకుండా వచ్చివుంటేనో?’ అని అడిగాము. కారును ఇక్కడికి లాగించుకొని రావాలి, పనీ ఎక్కువ, ఖర్చు ఎన్నో రెట్లు అన్నాడు. మా అమ్మ ఈ మాట విని, ‘తోడుకు చెంచాడు మజ్జిగ మిగిలినప్పుడే పెరుగు. గిన్నె కడిగేసినాక ఇరుగు పొరుగు గడప ఎక్కాల్సిందే’ అన్నది.

పాతకారు కొనే మనవారికి మా మనవి ఇంతే. రెండు చెవులూ అడిగి పుచ్చుకోండి. ఒక్కటే ఇస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించుకొని, ఒక్కటే ఇచ్చినట్లు కాగితం వ్రాయించుకోండి. కారు దొంగల పాలైతే బీమావారు రెండు చెవులూ చూపమంటారు. ఒకటి చేతిలో ఉండగానే రెండవది చేయించండి.

చెవా, చెయ్యా అన్న సందేహమూ తీరింది. తిప్పేది చెయ్యి, పిలిస్తే విని పలికేది చెవి. మా కొత్త చెవి ఇప్పుడు అమ్మ ఆసుపత్రి సంచిలోనే ఉంటుంది. రాగిపిండి డబ్బాను అటక మీదికి ఎక్కించాము.