స్టెప్నీ చెప్పిన లెక్క

కారు చక్రాన్ని అందరూ బయటి నుంచే చూస్తారు. షోరూంలో అయినా, మన కాలేజీ పార్కింగ్‌లో అయినా అంతే. అల్లాయ్ మెరుస్తోందా, డిజైన్ బాగుందా, నలుపా వెండి రంగా అని చూసి వదిలేస్తారు. కానీ చక్రం లోపలి వైపు కొన్ని అంకెలు ఉంటాయి. వంగి, టార్చ్ వేసి, మట్టి తుడిస్తే గానీ కనబడవు. పోయినేడాది మా ఇంట్లో నా సెమిస్టర్ ఫీజు, మా నాన్న కుడి భుజం ఆ అంకెల మీదే ఆధారపడ్డాయి. అందుకే ఇది రాస్తున్నా. మెకానికల్ బ్రాంచి వాళ్లకి ఇదంతా తెలిసిన పాఠమే కావచ్చు. సీఎస్‌ఈ వాళ్లం కాబట్టి మనం కొంచెం మెల్లగా వెళ్దాం.

మా నాన్న విజయనగరంలో ట్యాక్సీ నడుపుతాడు. అంతకుముందు పదిహేనేళ్లు సాలూరు లారీల మీద పని చేశాడు. సాలూరు అంటే మా వైపు లారీలకి పేరున్న ఊరు. అక్కడి నుంచి ఒడిశా వైపు ఘాట్ ఎక్కాలి. పవర్ స్టీరింగ్ లేని లారీని లోడుతో ఆ మలుపుల్లో తిప్పిన చేతులు ఆయనవి. రెండేళ్ల క్రితం లారీ మానేసి, వాయిదాల మీద ఒక సెకండ్‌హ్యాండ్ సెడాన్ తీసుకున్నాడు. పాత ఓనరు దానికి పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించి ఉన్నాడు. కారు చూడ్డానికి బాగుంది. బేరాలు కూడా బాగానే వచ్చాయి.

మాకు అసలు డబ్బులు వచ్చేది అరకు సీజన్‌లో. నవంబరు నుంచి జనవరి దాకా శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కడం, దిగడం. ఒక్కో వారం నాలుగైదు ట్రిప్పులు ఉంటాయి. రెండో సీజన్ మొదలయ్యేసరికి నాన్న రాత్రిళ్లు భుజానికి బామ్ రాసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ అడిగితే వయసు అన్నాడు. నేను అడిగితే మాత్రం ఇంకోలా చెప్పాడు.

"లారీ తిప్పినోణ్ణిరా నాను. ఈ గుంటకారు నన్ను తిప్పేస్తంది. గొయ్యి తగిల్తే సాలు, స్టీరింగు సెయ్యట్టుకుని లాగేస్తంది."

ఇంకో నెల చూసి ఘాట్ బేరాలు మానేస్తానన్నాడు. ఆ బేరాలు పోతే నా ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాం. బాగానే ఉందన్నారు. బేరింగులు, సస్పెన్షన్ చూపించాం. అవీ బాగానే ఉన్నాయి.

కోడ్‌లో బగ్ దొరక్కపోతే మనం ఏం చేస్తాం? పని చేసిన పాత వెర్షన్‌తో పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాం. కారుకి పాత వెర్షన్ ఎక్కడుంటుంది? డిక్కీలో. అదే స్టెప్నీ. పాత ఓనరు నాలుగు చక్రాలూ మార్చాడు గానీ, స్టెప్నీని కంపెనీ ఇచ్చిన పద్నాలుగు అంగుళాల రేకు చక్రంగానే వదిలేశాడు.

ఆ పేరు సంగతి కూడా ఒక మాట. 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో డేవిస్ సోదరులు కార్లకి విడి చక్రం తయారుచేసి అమ్మారు. వాళ్ల వ్యాపారం స్టెప్నీ అనే వీధిలో ఉండేది. ఆ వీధి పేరే చక్రానికి అంటుకుంది. సాలూరు లారీ క్లీనరు కూడా రోజూ ఆ వీధి పేరే పలుకుతున్నాడు.

స్టెప్నీనీ ఒక అల్లాయ్‌నీ వాకిట్లో పక్కపక్కన పెట్టి అంకెలు రాసుకున్నాను. స్టెప్నీ: 14 అంగుళాలు, వెడల్పు 5 అంగుళాలు, ఈటీ 45, టైరు 165/80 ఆర్14. అల్లాయ్: 16 అంగుళాలు, వెడల్పు 7, ఈటీ 30, టైరు 205/55 ఆర్16. పాత సామాన్ల కొట్టు కాటా మీద టైరుతో సహా తూస్తే ఒకటి సుమారు 14 కిలోలు, ఇంకోటి 19.

ఇందులో ఈటీ అంటే ఆఫ్‌సెట్. చక్రాన్ని ఒక డ్రమ్ము అనుకోండి. డ్రమ్ము లోపల ఒక పళ్లెం అడ్డంగా ఉంటుంది. ఆ పళ్లేన్నే బోల్టులతో కారుకి బిగిస్తారు. పళ్లెం సరిగ్గా డ్రమ్ము మధ్యలో ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. మధ్య నుంచి బయటి వైపుకి 45 మిల్లీమీటర్లు జరిగి ఉంటే ఈటీ 45. అప్పుడు డ్రమ్ములో ఎక్కువ భాగం కారు లోపలికి వెళ్తుంది. ఈటీ 30 అయితే చక్రం మధ్య గీత 15 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. దానికి తోడు ఈ చక్రం రెండు అంగుళాలు ఎక్కువ వెడల్పు. అంటే బయటి అంచు మొత్తం 40 మిల్లీమీటర్లు బయటికి వచ్చినట్టు. కారు నిలబడిన తీరు గంభీరంగా కనిపించేది దీనివల్లే.

స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఒక ఊహాగీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత కొంచెం వాలుగా వచ్చి నేలని ఒక చోట తాకుతుంది. టైరు నేలకి ఆనే చోటు మధ్యకీ ఆ బిందువుకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. మనం నడిపే చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ దీన్ని బాగా తక్కువగా, కొన్నిట్లో కావాలనే కొంచెం లోపలి వైపుకి ఉంచుతుంది. ఒక పక్క బ్రేకు ఎక్కువ పట్టినా కారు అటు లాగకుండా ఉండాలని. చక్రం 15 మిల్లీమీటర్లు బయటికి జరిపితే ఆ లెక్క తప్పుతుంది.

15 మిల్లీమీటర్లకే ఇంత గొడవా అంటారేమో. మన పైడితల్లమ్మ సిరిమాను చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటారు. ఆయన బరువు ఎంతన్నది కాదు, ఆధారానికి ఎంత దూరంలో కూర్చున్నారన్నదే కింద తాళ్లు పట్టేవాళ్లకి పని పెడుతుంది. బలం ఇంటూ దూరం, అంతే. గొయ్యి చక్రాన్ని వెనక్కి 2000 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 200 కిలోల బరువుతో, తోసిందనుకుందాం. దాన్ని 0.015 మీటర్లతో గుణిస్తే 30 న్యూటన్-మీటర్లు. స్టీరింగ్ నిష్పత్తి సుమారు 15 అనుకుంటే చేతి దగ్గరికి వచ్చేసరికి అది 2 అవుతుంది. స్టీరింగ్ చక్రం అంచు దగ్గర కిలోకి కొంచెం పైన. మధ్యలో కొంత రాపిడి తింటుంది, కొంత పవర్ స్టీరింగ్ దాచేస్తుంది. మిగిలింది చేతికి వస్తుంది. ఒక్కసారికి ఏమీ కాదు. కానీ శృంగవరపుకోట నుంచి పైకీ కిందికీ గోతులు లెక్కపెట్టండి.

ఇక బరువు. తిరగలి తిప్పినవాళ్లకి తెలుసు, రాయి పెద్దదైతే కదిలించడమూ కష్టమే, కదిలాక ఆపడమూ కష్టమే. తిరిగే వస్తువులో బరువు మధ్యలో కాకుండా అంచుకి పోయినకొద్దీ ఆ మొండితనం పెరుగుతుంది. దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగు రెట్లు. పెద్ద అల్లాయ్‌లో ఇనుము తగ్గినా, రిమ్ము అంచు బయటికి జరుగుతుంది. పైగా చక్రం బరువు స్ప్రింగుకి కింద ఉండేది. ఐదు కిలోలు డిక్కీలో పెడితే ఎవరికీ తెలీదు. అదే చక్రంలో పెడితే గొయ్యి దాటాక చక్రం మళ్లీ నేలని అందుకోడానికి ఆలస్యం అవుతుంది. నాన్న "బండి పట్టు దొరకట్లే" అనేది ఆ క్షణం గురించే.

న్యాయంగా చెప్పాలంటే అల్లాయ్ పూర్తిగా చెడ్డదేం కాదు. టైరు పక్కగోడ పొట్టిగా ఉంటే స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే మాట వింటుంది. విశాఖ హైవే మీద ఆ కారు గట్టిగా, స్థిరంగా పోయేదని నాన్నే ఒప్పుకున్నాడు. తక్కువ బరువుండి, ఈటీ సరిపోయే అల్లాయ్‌లు కూడా ఉంటాయి. సమస్య మెరుపుది కాదు, అంకెలది.

ఇంకో అంకె ఎవరూ ఊహించనిది. 165/80 ఆర్14 టైరు వ్యాసం లెక్కేస్తే 619.6 మిల్లీమీటర్లు. 205/55 ఆర్16 ది 631.9. అంటే రెండు శాతం పెద్దది. పెద్ద చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం చుట్లే లెక్కపెడుతుంది. 102 కిలోమీటర్లు నడిపితే మీటరులో 100 పడుతుంది. కిలోమీటరు లెక్కన డబ్బులు తీసుకునే మనిషి రెండేళ్లుగా ప్రతి వందకీ రెండు కిలోమీటర్లు ఉచితంగా నడిపాడు. భుజం గురించి చెప్పినప్పుడు నాన్న విని ఊరుకున్నాడు. ఈ లెక్క చెప్పగానే లేచి కూర్చున్నాడు.

"ముందల సెప్పలేకపోనావేట్రా?"

అల్లాయ్‌లు అమ్మేశాం. వచ్చిన డబ్బుకి ఇంకొంత కలిపి కంపెనీ కొలతకే నాలుగు రేకు చక్రాలు, టైర్లు వేయించాం. కారు చూడ్డానికి మళ్లీ మామూలుగా అయిపోయింది. మా వీధిలో పిల్లలు అయ్యో అన్నారు. మొదటి ఘాట్ ట్రిప్పు నుంచి వచ్చిన రాత్రి నాన్న బామ్ అడగలేదు. భుజం పూర్తిగా బాగుపడిందని చెప్పను. పదిహేనేళ్ల లారీ అందులో ఉంది, ఇప్పటికీ ఫిజియోథెరపీకి వెళ్తున్నాడు. కానీ ఘాట్ బేరాలు మానలేదు.

మనలో చాలామంది మొదటి జీతంతో కారు, మొదటి బోనస్‌తో అల్లాయ్‌లు అని ప్లాన్ వేసుకుని ఉంటారు. వేసుకోండి. కొనేముందు నాలుగు అంకెలు మాత్రం అడగండి: ఈటీ ఎంత, వెడల్పు ఎంత, బరువు ఎంత, టైరు మొత్తం వ్యాసం ఎంత. కొట్టువాడు రంగు గురించి చెప్పడం మొదలుపెడితే డిక్కీ తెరిచి స్టెప్నీని చూడండి. ఇంట్లో ఆ కారు రోజూ నడిపేది మీరు కాకపోతే, నడిపేవాళ్లని కూడా ఒకసారి అడగండి.