మా యింటి దీపము

మా అవ్వకు ఒక అలవాటుండెడిది. ఎవరును లేని గదిలో దీపము వెలుగుచుండుట ఆమె సహింపలేకపోయెడిది. చేతిలోని పని విడిచి వచ్చి, మీట నొక్కి, దీపమార్పి పోయెడిది. నేను చదువుకొనుచు, మంచినీళ్లు త్రాగుటకు లేచిపోయి తిరిగి వచ్చునప్పటికే గది చీకటిగా నుండెడిది. "ఇంత పిసినారితనమేమి అవ్వా!" అని నేనొకనాడు విసుగుకొంటిని. ఆమె కోపగింపలేదు. "ఆ దీపంలో మా ఊరుంది నాయనా! ఊరకే కాల్చగూడదు" అనెను. నేను నవ్వితిని. అప్పుడు నాకు పండ్రెండేండ్లు. ఆ మాటకు అర్థము తెలియుటకు చాల యేండ్లు పట్టినది.

అవ్వ ఊరు కర్నూలు జిల్లాలో కృష్ణానది యొడ్డున నుండెడిది. వేసవి సెలవులలో మేమచ్చటికి పోయెడివారము. నల్లరేగడి చేలు, ఏటి దాపున చింతతోపు, ఊరి నడుమ రచ్చకట్ట, ఇంతియే ఆ యూరు. విద్యుద్దీపములు లేవు. ప్రొద్దు గ్రుంకగానే అవ్వ లాంతరు గాజును గుడ్డతో తుడిచి, కిరసనాయిలు పోసి, వెలిగించి, దూలమునకు వ్రేలాడదీసెడిది. వంటయు, భోజనమును, కథలును ఆ వెలుతురులోనే జరిగెడివి. నూనె ఎంత మిగిలియున్నదో సీసాను చూచినంతనే తెలిసెడిది. కావున తాము ఎంత వెలుతురు వాడుకొనుచున్నదియు ఇంటిలో ప్రతివారికిని ఎరుకయే.

1963వ సంవత్సరమున నెహ్రూగారు శ్రీశైలమున ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. కృష్ణను నల్లమల కొండల నడుమ నిలిపి, ఆ నీటితో విద్యుత్తు పుట్టింపవలెనని సంకల్పము. దేశమున కర్మాగారములకును, పొలములలోని పంపులకును, ఇండ్లలోని దీపములకును శక్తి కావలసియుండెను. అది కాదనరాని అవసరము. కాని ఆనకట్ట వెనుక నీరు నిలుచుటకు చోటు కావలెను గదా! ఆ చోటులో కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములు సుమారు నూరుండెను. వానిలో మా అవ్వ ఊరొకటి. 1981వ సంవత్సరమున జనులు ఇండ్లు విడువవలసి వచ్చెను. దూలములను, తలుపులను ఊడదీసి బండ్ల కెత్తుకొని తలయొక దిక్కునకు పోయిరి. అవ్వ తన యింటి గడపమ్రానును, ఆ లాంతరును తీసికొని కర్నూలులోని మా యింటికి వచ్చెను. చేనును, చింతతోపును, తాత సమాధిని తెచ్చుకొనలేకపోయెను. మరుసటి యేడు, 1982లో, శ్రీశైలమున మొదటి యంత్రము విద్యుత్తు నిచ్చుట కారంభించెను.

నేను ఉన్నత పాఠశాలలో చదువుచున్నపుడు మా ఉపాధ్యాయులు మమ్ము శ్రీశైలమునకు విహారయాత్రకు తీసికొనిపోయిరి. విద్యుత్కేంద్రములో ఒక ఇంజనీరు దాని మర్మమును తేటగా వివరించెను. ఎత్తున నిలిచిన నీరు పెద్ద గొట్టముల గుండ క్రిందికి దూకి టర్బైను రెక్కలను త్రిప్పును. దానితో పాటు బలమైన అయస్కాంతములు తిరుగును. వాని చుట్టునున్న రాగితీగల చుట్టలలో విద్యుత్తు పుట్టును. కుడిగట్టున నున్న 110 మెగావాట్ల యంత్రములేడు కలిసి 770 మెగావాట్లు ఈయగలవు. తరువాతి కాలమున ఎడమగట్టున, భూమి లోపల, 150 మెగావాట్ల యంత్రములారు వెలసెను. 2020 ఆగస్టు నెలలో ఒకనాటి రాత్రి ఆ భూగర్భ కేంద్రమున నిప్పంటుకొని తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి.

ఆనాడు మాకు అన్నియు అబ్బురముగనే తోచెను. పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు. పని చేసిన నీరు తరుగక, దిగువకు పోయి పొలములను కూడ తడుపునని ఇంజనీరు చెప్పగా మేమందరము చప్పట్లు కొట్టితిమి. పిమ్మట ఆనకట్ట మీదికి పోయి ఎగువకు చూచితిని. కంటి కానినంత మేర నీరే. ఆ నీటిలో ఎచ్చటనో మా చింతతోపున్నది. అవ్వ మాట చటుక్కున జ్ఞప్తికి వచ్చెను. తోడి బాలురు కేరింతలు కొట్టుచుండగా నేను మాటలేక నిలిచిపోయితిని.

ఉపాధ్యాయుడనైన పిదప నేనును నా విద్యార్థులను ఒక బొగ్గు విద్యుత్కేంద్రమునకు తీసికొనిపోయితిని. అచ్చట టర్బైనును త్రిప్పునది నీరు కాదు, ఆవిరి. బొగ్గును పిండివలె నూరి, కొలిమిలో మండించి, గొట్టములలోని నీటిని ఆవిరిగా మార్చెదరు. ఒక యూనిటు విద్యుత్తునకు రమారమి 700 గ్రాముల బొగ్గు కావలెను. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పది నలువది పాళ్లు బూడిదయే. అదిగాక, ఒక్క యూనిటునకు ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అది కంటికి కానరాదు గాని, భూమికి కప్పిన కంబళివలె వేడిని పట్టియుంచును. బూడిదలో కొంత సిమెంటునకును, ఇటుకలకును పోవును. మిగిలినది పెద్ద గుంటలలో నిలువయుండి, వేసవిగాలి వీచినపుడు చుట్టుప్రక్కల ఊళ్లపై పడును. మాలో నొక బాలుడు త్రోవ ప్రక్కనున్న వేపాకుపై వ్రేలు రాచి, అంటిన బూడిదను నాకు చూపి, "మాస్టారూ! కరెంటు మనకు, బూడిద దీనికా?" అని యడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని.

ఆ బొగ్గు వచ్చెడి చోటును గూర్చియు వారికి చెప్పితిని. సింగరేణి ప్రాంతమున 1889 నుండి బొగ్గు త్రవ్వుచున్నారు. మొదట మనుష్యులు భూగర్భమునకు దిగి త్రవ్వెడివారు. నేడు పెక్కుచోట్ల పైనున్న చెట్లను, మన్నును తొలగించి బయటినుండియే త్రవ్వుచున్నారు. అట్టి చోట్ల తీసిన మన్ను కొండలవలె పేరుకొనియున్నది. వేలకొలది కుటుంబములు ఆ గనుల మీదనే బ్రతుకుచున్నవి. కావున బొగ్గును నిందించి ఊరకుండుటయు న్యాయము కాదు.

మా యింటికి వచ్చునది శ్రీశైలపు విద్యుత్తేయని నేను చిరకాలము తలంచియుంటిని. అదియు సరికాదు. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణదేశపు విద్యుత్తు మార్గములు తక్కిన దేశపు మార్గములతో కలిసినవి. నాటినుండి భారతదేశమంతయు ఒకే వల. చెరువులో చేరిన నీటిలో ఏ చుక్క ఏ వాగుదో చెప్పగలమా? విద్యుత్తును అట్టిదే. 2023లో ఆ చెరువునకు చేరిన దానిలో నూటికి డెబ్బది పాళ్లకు మించి బొగ్గునుండి వచ్చినదే. కావున మా దీపములో అవ్వ ఊరు మాత్రమే కాదు, గనులకై కొట్టిన అడవియు, ఆ వేపాకు మీది బూడిదయు గలవు.

మరి సూర్యుని మాట యేమి? 2017లో కర్నూలునకు చేరువనే, ఓర్వకల్లు ప్రాంతమున, 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము సిద్ధమైనది. మా జిల్లాలో ఎండకు కొదువ లేదు. పలకలపై ఎండ పడగానే విద్యుత్తు పుట్టును. మండునది లేదు, పొగ లేదు. దానిని చూచి నేను మిక్కిలి సంతసించితిని. అయినను అక్కడను లెక్క యున్నది. ఇట్టి క్షేత్రములకు ఒక మెగావాట్టునకు సుమారు ఐదెకరముల నేల కావలెను. పలకలపై దుమ్ము పేరుకొనిన కడుగవలెను. ప్రొద్దు గ్రుంకిన విద్యుత్తు ఆగిపోవును, మనకు దీపము కావలసినది అప్పుడే. పగటి విద్యుత్తును రాత్రికి దాచుటకు బ్యాటరీలైనను ఉండవలెను, లేదా నీటిని ఎత్తునకు తోడి నిలుపవలెను. బొగ్గు చేయు కీడుతో పోల్చిన ఇది స్వల్పము. స్వల్పమే గాని, శూన్యము కాదు.

ఈ లెక్కలన్నియు వేసికొనునపుడెల్ల నాకు 2003వ సంవత్సరపు వేసవి గుర్తునకు వచ్చును. కరవు వలన శ్రీశైలపు జలాశయము బాగుగా తగ్గెను. మునిగియుండిన సంగమేశ్వరాలయము బయల్పడినదని విని అవ్వ, "నన్నొకసారి పిలుచుకపో నాయనా" అనెను. అప్పటికామెకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆలయమును దర్శించి, అచ్చటినుండి ఆమె ఊరున్న చోటికి బీటలు వారిన ఒండ్రుమీద నడచితిమి. అవ్వ ఊరిబావి గట్టును గుర్తుపట్టి, అచ్చటినుండి అడుగులు లెక్కించుకొనుచు పోయి, నాలుగు పునాదిరాళ్ల నడుమ కూర్చుండెను.

"అవ్వా! ఇంత పోగొట్టుకొంటివి, నీకు కోపము లేదా?" అని యడిగితిని.

"ఎందుకు లేదు? మమ్మల్ని సరిగా నిలబెట్టి తీసుకొని ఉంటే బాగుండు. మాతో వచ్చినోళ్లు ఎందరో కూలికి పోయినారు. అయినా పోయింది తిరిగి రాదు. ఆ వెలుగులో ఒక పిల్లోడు చదువుకుంటే నాకు సంతోషమే. ఎవరూ లేని గదిలో వెలుగుతుంటే మాత్రం కడుపు మండుతుంది" అనెను.

నేను చదివిన పుస్తకములలో ఇంతకన్న స్పష్టమైన లెక్క నాకు కనబడలేదు. ఏ విద్యుత్తు మంచిదని విద్యార్థులు అడుగుదురు. తక్కువ కీడు చేయుదానిని ఎన్నుకొనుడని చెప్పుదును. అది కట్టునపుడు నష్టపడువారికి ముందుగా న్యాయము చేయవలెనని చెప్పుదును. వాడకుండ మిగిల్చిన యూనిటు ఏ ఊరిని ముంచదు, ఏ ఆకుపై బూడిద చల్లదు అనియు చెప్పుదును. పూర్వపు 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగిన ఒక యూనిటు ఖర్చగును. నేటి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము అదే యూనిటుతో నూరు గంటలకు పైగా వెలుగును.

ఆ మీద నాలుగేండ్లకు అవ్వ గతించెను. ఆమె తెచ్చిన లాంతరు నేటికిని మా నడవలో వ్రేలాడుచున్నది. ఇప్పుడు ఎవరును లేని గదిలో దీపమార్పువాడను నేను. "ఇంత పిసినారితనమేమిటి నాన్నా?" అని మా అమ్మాయి నవ్వును. నేను ఆమెను ఆ లాంతరు క్రింద కూర్చుండబెట్టుకొని, పటములలో నేడు కానరాని ఒక ఊరి పేరు చెప్పి, కథ మొదలుపెట్టుదును.