మత్తు దిగే వేళ

జూన్ 11, రాత్రి

ముంజేతి ఎముకలు రెండూ విరిగిన తాపీ మేస్త్రీకి పొద్దున ప్లేట్లు వేశారు. కాలర్ బోన్ పైన, చేతి నరాలు మొద్దుబారేలా బ్లాక్ ఇచ్చాను. అల్ట్రాసౌండ్ తెర మీద ధమని కొట్టుకుంటోంది, పక్కనే ద్రాక్షగుత్తిలా నరాలు. మత్తుమందు బుపివకైన్ వెళ్తుంటే గుత్తి విడివడింది. బ్లాక్ ఎక్కువసేపు నిలవడానికి వాడే స్టెరాయిడ్, డెక్సామెథసోన్ (మా భాషలో డెక్సా) 8 మిల్లీగ్రాములు మాత్రం అందులో కలపలేదు, సెలైన్ లైన్‌లో ఇచ్చాను. నెమ్మదిగానే, మెలకువగా ఉన్నవాళ్లకు గబుక్కున ఎక్కిస్తే చెప్పుకోలేని చోట ఒకటే దురద.

"నరం దగ్గరే వేస్తే ఇంకాసేపు ఉంటుంది కదా సార్?" అన్నాడు పీజీ. ఉంటుంది, కొసరు. అక్కడ వేయడానికి ఆ మందుకు లైసెన్సు లేదు. సిరలో ఇచ్చినా బ్లాక్ గంటల తరబడి సాగుతున్నప్పుడు ఆ కొసరుకు ఆశపడడమెందుకు? ఈ ఆశ పాతదేలెండి. మత్తు ఇంకాసేపు నిలవాలని 1903లోనే జర్మన్ సర్జన్ బ్రౌన్ కొకైన్‌లో అడ్రినలిన్ కలిపి చూశాడు.

జూన్ 12

అర్ధరాత్రి దిగిపోవలసిన మత్తు తెల్లారేదాకా ఉంది. మేస్త్రీ హాయిగా పడుకున్నాడు గానీ, లేచాక బెంగ పట్టుకుంది. "చెయ్యి పడిపోయింది సార్, మళ్ల లేస్తదా?" మొద్దుబారిన చెయ్యి ఎక్కడ నలుగుతుందోనని భార్య రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. నేను చూస్తుండగానే చిటికెన వేలు కదిలింది.

ఆర్థో ఆయన సణుగుడు వేరు. లోపల వాపు బిగిసి కండరానికి రక్తం అందకపోతే ముందు చెప్పేది నొప్పే, దాన్నే నొక్కేస్తే ఎలా అని. ఈ మాట కొట్టిపారేసేది కాదు. నుజ్జయిన చేతులకు, కాళ్లకు నేను డెక్సా జోలికి పోను.

జూన్ 14

షుగర్ ఉన్న పెద్దావిడ, చీలమండ విరిగింది. స్టెరాయిడ్ అనగానే కొడుకు "పుండు మానదేమో డాక్టరుగారూ" అన్నాడు. 2021లో వచ్చిన పాడీ ట్రయల్‌లో ఎనిమిది వేలమందికి పైగా రోగులు, వాళ్లలో షుగర్‌వాళ్లూ ఉన్నారు. ఒక్క 8 మిల్లీగ్రాముల డెక్సా డోసుతో గాయం చీము పట్టడం పెరగలేదు. షుగర్ మాత్రం ఒకరోజు ఎగబాకుతుంది. 4 మిల్లీగ్రాములే ఇచ్చి, ఆరు గంటలకోసారి చూడమన్నాను.

బ్లాక్ దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా లేస్తుంది. అందుకే తెల్లవారుజామున 3కే పారాసిటమాల్ అని కేస్ షీట్‌లో రాశాను.

"నిద్ర లేపి మరీ నొప్పి బిళ్ల ఇవ్వాలా సార్?" అంది సిస్టర్.

లేపి ఇవ్వమన్నాను.