సాల్వదోర్‌కు వచ్చే చుట్టాలకు

బ్రెజిల్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది రియో. నేనుంటున్నది సాల్వదోర్‌లో అంటే, "రియో పక్కనేనా?" అని అడుగుతారు. పక్కన కాదు, విమానంలో రెండు గంటల దూరం. 1549లో పోర్చుగీసువారు నెలకొల్పిన ఈ నగరమే 1763 దాకా ఆ దేశానికి రాజధాని. ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. "ఏం చూడాలి, ఏం తినాలి?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ విడిగా జాబు రాసేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ముందు సముద్రం సంగతి. సాల్వదోర్ కూడా మన విశాఖలాగే తూర్పు తీరపు ఊరు. అయినా ఇక్కడ సూర్యుడు నీళ్ళలో అస్తమిస్తాడు. ఊరు ఒక ద్వీపకల్పపు కొసన ఉంది, పడమటి వైపు పెద్ద అఖాతం. బర్రా దీపస్తంభం దగ్గర సాయంత్రం కూర్చుంటే ఈ వింత చూడవచ్చు. పిల్లలతో స్నానానికి దిగేవారికి పోర్తో ద బర్రా తీరం మంచిది, అక్కడ కెరటాలు నెమ్మది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వానలెక్కువ కనుక ఆ నెలలు వద్దు. చేతిలో ఫోను ఊపుకుంటూ నడవవద్దు. చీకటి పడితే టాక్సీ ఎక్కండి.

ఊరు రెండంతస్తులుగా ఉంటుంది. రేవు దగ్గరి దిగువ పట్టణం నుంచి ఎగువ పట్టణానికి 1873లో మొదలైన లసెర్దా లిఫ్టు ఉంది. ఎత్తు 72 మీటర్లు. పైకి వెళ్ళి కొద్దిదూరం నడిస్తే పెలోరిన్యో. రంగురంగుల పాత మేడలు, నల్లరాళ్ళు పరచిన ఏటవాలు వీధులు, ఎక్కడో డప్పుల మోత. 1985లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వచ్చినవారంతా ఫోటోలు తీసుకోవడంలో మునిగిపోతారు.

పెలోరిన్యో అంటే కొరడా దెబ్బలు కొట్టడానికి మనిషిని కట్టేసే స్తంభం. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలను ఇక్కడ అందరూ చూస్తుండగా శిక్షించేవారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. ఈ మాట అతిథులకు చెప్పాలా అన్నది నాకు చాలాకాలం తెగని ప్రశ్న. "సెలవులకు వచ్చాం, ఇవన్నీ ఇప్పుడెందుకు?" అని ఒక మిత్రుడు విసుక్కున్నాడు కూడా. అయినా నేను చెప్పడం మానలేదు. ఇది తెలియకపోతే ఇక్కడి తిండి కూడా అర్థం కాదు.

బంగారు తాపడపు సావ్ ఫ్రాన్సిస్కో చర్చి చూడాలని అందరికీ ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో దాని లోకప్పు కూలి ఒక యాత్రికురాలు మరణించింది, అప్పుడే దాన్ని మూసివేశారు. తెరిచారో లేదో కనుక్కొని వెళ్ళండి. దగ్గర్లోనే రొజారియో దొస్ ప్రెతోస్ అనే నీలిరంగు చర్చి ఉంది. నల్లవారు తమకోసం, తమ పని గంటలు పోగా మిగిలిన వేళల్లో, దశాబ్దాల తరబడి కట్టుకున్నది. దాన్ని మాత్రం వదలకండి.

ఇక తిండి. వీధి మలుపుల్లో తెల్లటి పరికిణీ, తలపాగాతో కూర్చునే స్త్రీలను బయానాలంటారు. వారమ్మేది అకరజే. మా మేనత్త వచ్చినప్పుడు ఆ మూకుడు చూసి, "ఒరేయ్, ఇవి మన అలసంద వడలు కదరా!" అంది. నిజమే. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి వేయిస్తారు. తేడా అల్లా నూనెలో ఉంది. అది దెందే అనే ఎర్రటి పామాయిలు. ఎంతసేపు నానబెడతారని అత్త నాచేత అడిగించింది. ఆ బయానా నవ్వి, తన చేతులతోనే చూపిస్తూ చెప్పింది. నా అనువాదం వారికి సగమే అవసరమైంది.

ఆ వడ వెనక కథ ఉంది. బానిస స్త్రీలు వీధుల్లో తిరిగి అకరజేలు అమ్మి, రాబడి యజమానికి కట్టేవారు. మిగిలిన చిల్లర కూడబెట్టి కొందరు తమ స్వేచ్ఛను కొనుక్కున్నారు. 2005లో ఈ వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. అందుకే మా చుట్టాలకు చెబుతుంటాను, అక్కడ మాత్రం బేరమాడవద్దని.

శాకాహారులకు ఒక హెచ్చరిక. వడను చీల్చి లోపల పెట్టే వతపాలోనూ, బెండకాయ కరురులోనూ ఎండురొయ్యలుంటాయి. ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించే అబరాలో పిండిలోనే కలుపుతారు. వట్టి వడ, కారం అడిగి తీసుకోండి. చేపలు తినేవారు కొబ్బరిపాలతో మట్టిపాత్రలో వండే మొకెకా తినకుండా వెళ్ళవద్దు. అందరికీ పనికివచ్చేవి కాల్చిన జున్నుముక్క, కొబ్బరిబొండం, జీడిపండు రసం. జీడిమామిడి ఇక్కడి నుంచే పోర్చుగీసువారి ఓడల్లో మనదాకా వచ్చింది. మన పనస అటునుంచి ఇటు వచ్చింది.

మా అత్తది ఒంగోలు. 1868లో ఇంగ్లండు వెళుతున్న ఓడ ఒకటి ఈ రేవులో ఆగినప్పుడు ఒంగోలు జాతి పశువుల జత ఒకటి ఇక్కడే అమ్ముడుపోయిందని చెబుతారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే ఇక్కడ ఆ జాతిపేరు నెలోర్. ఆ మాట విన్నాక ఆవిడ రేవువైపు చాలాసేపు చూసింది. "వాటికి తిరుగు టిక్కెట్టు లేదు పాపం" అంది. కాసేపాగి, "ఆ వడలమ్మే తల్లి తాతలకీ లేదు" అంది.

వచ్చేవాళ్ళు కనీసం నాలుగు రోజులు పెట్టుకుని రండి. మొదటి రెండు సముద్రానికి, తరువాతివి ఊరికి.