అగ్గిపెట్టెలో చీర... సీడీలో బాపు గొంతు

‘అన్నా, బాపు గొంతు మళ్ల వినపడుతదా?’

అత్తారింటి నుంచి చెల్లెలు ఫోన్ చేసి అడిగిన ఆ ఒక్క మాటకి, కోరుట్లలో డీటీపీ సెంటర్ నడిపే అన్న బీరువాలోంచి పాత సీడీల పౌచ్ బయటికి తీశాడు.

అవి 2004 నాటివి. జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నప్పుడు పోగేసిన సాఫ్ట్‌వేర్లు... తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, ఆటలు. వాటితోపాటే, దుబాయ్ నుంచి తండ్రి మాట్లాడి పంపిన క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించిన నాలుగు వేవ్ ఫైళ్లు. సీడీలో పట్టేది 700 ఎంబీ. వేవ్ ఫైలేమో నిమిషానికి సుమారు 10 ఎంబీ మింగేస్తుంది. అందుకే అన్నిటినీ కలిపి ఒకే రార్ ఫైలుగా కుదించి, ఒక్క సీడీలో ఇరికించాడు. ఖర్చు కలిసొచ్చిందని మురిసిపోయాడు కూడా.

సిరిసిల్ల నుంచి వచ్చి అదే గదిలో ఉండే మిత్రుడు అది చూసి నవ్వాడు. ‘మా ఊళ్లె అగ్గిపెట్టెల పట్టే చీర నేస్తరు. మడత పెడితే ఒక్క పోగు తగ్గదు. కానీ, విప్పందే కట్టుకోరాదు గదరా!’ అన్నాడు. నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ నేసిన ఆ చీరలంటే సిరిసిల్ల వాళ్లకి అంత గర్వం మరి. ఆ మిత్రుడే అవే ఫైళ్లని మరో రెండు సీడీల్లో ఉన్నవి ఉన్నట్టుగా రైట్ చేసి ఇచ్చాడు.

ఇన్నేళ్లకి మొదటి సీడీ పెడితే... సగంలోనే ఆగిపోయింది. తెరమీద ‘సీఆర్‌సీ ఎర్రర్’. చిన్నచిన్న గీతల్ని సీడీ తనంతట తనే సరిదిద్దుకుంటుంది. గీత లోతైతే దాని వల్లా కాదు. పైగా కుదించడమంటే, పదే పదే వచ్చేదాన్ని ఒక్కసారే రాసి, తర్వాత ‘వెనక చూడు’ అని గుర్తు పెట్టడం. ఆ వెనకది చెడితే దాన్ని నమ్ముకున్నదీ చెడుతుంది. ఫైళ్లన్నిటినీ ఒకే గొలుసుగా కుదిస్తే మరీ నష్టం... ఒకచోట తెగితే ఆ తర్వాతవన్నీ పోతాయి. విడివిడిగా జిప్ చేసుంటే చెడింది ఒక్కటే పోయేది.

రెండో రకం సీడీలకీ గీతలు పడ్డాయి. అయినా నాలుగింట మూడు ఫైళ్లు తెరుచుకున్నాయి. నాలుగోది మాత్రం రాలేదు.

సాఫ్ట్‌వేర్ పోతే మళ్లీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దాన్ని ఎంత కుదించినా ఫర్వాలేదు. ఎంపీ3 పాటలూ, జేపెగ్ ఫొటోలూ ముందే కుదించినవి కాబట్టి జిప్ చేసినా పెద్దగా తగ్గవు. మళ్లీ దొరకనివాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టే, రెండుచోట్ల దాచుకోవాలి. పెన్‌డ్రైవ్ అయినా ఇదే మాట. ఇప్పుడు ఆ అన్న తన దగ్గరికొచ్చే వాళ్లందరికీ ఇదే చెబుతున్నాడు.

ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ కలిపి, స్పీకర్ దగ్గర పెట్టాడు. ‘బిడ్డా, మంచిగ చదువుకుంటున్నవా?’ అని బాపు అడుగుతున్నాడు.

అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు.